గోడ చెవుల్లో దూది

చలి 38వ రోజు

ఈ పుస్తకం పరాంకుశం మాస్టారు ఇచ్చారు. మొదటి పేజీలో పేరూ ఊరూ రాయమంటే ఇలా రాశాను: వకుళ, ఆఖరి తరగతి, రెండో వరస, ఉడుకువలస, రెండోనేల. మాస్టారు చూసి, "మొదటినేల నుంచి నీకు ఉత్తరాలు వస్తాయనా, ఇంత చిరునామా రాశావు?" అన్నారు. రావని తెలుసు. మూడు తరాలుగా ఎవరికీ రాలేదు. మాటలు అలా వరసగా నిలబడితే బాగుంటుందని రాశాను.

పని ఇది. ఊళ్ళో ఏడు వరసలు, వరసకు ముప్పై ఇళ్ళు. ప్రతి గదిలో కిటికీ కింద ఒక వేడిపలక. ఉడుకుబావి నుంచి నీళ్ళు యాభై అయిదు డిగ్రీలతో బయల్దేరి, వరసలోని పలకలన్నీ తిరిగి, చల్లబడి మళ్ళీ బావికి చేరతాయి. ఏ వరస నీళ్ళు ఎంత చల్లబడి తిరిగొస్తున్నాయో, ఆ ఇళ్ళలో ఎంత వెచ్చగా ఉందో నేను కొలవాలి. బావి ఏటేటా చల్లబడుతోంది. మా ముత్తవ్వల కాలంలో అరవై ఒకటి ఉండేదట. తక్కువ వేడితో ఇళ్ళను బాగా వెచ్చబెట్టే వరస ఏదో తెలిస్తే, మిగతా వరసలనూ అలాగే నడిపి, మిగిలిన వేడితో ఎనిమిదో వరస కట్టాలని సభ ఆశ. పెళ్ళయి కూడా గది లేక, ఎవరి పుట్టింట్లో వాళ్ళుంటున్న జంటలు ముప్పై ఉన్నాయి. వాళ్ళ పేర్లు సభ గోడ మీద అంటించి ఉంటాయి.

మాస్టారి మోకాళ్ళు చలిలో కదలవు. అందుకని కొలతలు నావి, లెక్కలు ఇద్దరివీ.

మా ఇంటితోనే మొదలుపెట్టాను. పొద్దున్నే బయటికి వెళ్ళి గోడ చెవుల మీది మంచు దులిపాను. అది ఎప్పుడూ నా పనే. పలక వెనక గోడలో మూరెడు పొడవున సన్నటి చీలిక ఉంటుంది, దానికి బయటివైపు జాలీ. దాన్నే చెవి అంటాం. బయటి గాలి అందులోంచి దూరి, పలక వెనకగా పైకి పాకుతూ కాగి, గదిలోకి నులివెచ్చగా వస్తుంది. వాడిన గాలి పైకప్పు గొట్టంలోంచి పోతుంది. జాలీ దగ్గర పొడిమంచు సన్నటి చారలా లోపలికి పాకుతూ ఉంటుంది, లోపల ఎవరో కూర్చుని దారం లాగుతున్నట్టు.

రెండో వరస: తిరిగొచ్చే నీళ్ళు 38. గదిలో 18.

'నులివెచ్చన' నిన్ననే నేర్చుకున్న మాట. గోరువెచ్చన అంటే వేలు పెట్టి చూసేది. నులివెచ్చన అంటే వేలు పెట్టకుండానే తెలిసేది. ఇది నా నిర్వచనం. కొలతల గడిలో ఇలాంటివి రాయొద్దన్నారు మాస్టారు. కాబట్టి గడి బయట రాశాను.

చలి 41వ రోజు

ఇవాళ నాలుగో వరస. నాకంటే ముందు పుట్టిన మా అప్ప సుగుణ అక్కడ పదమూడో ఇంటి కోడలు. ఆడపిల్లను కని నాలుగు రోజులయింది. పురుటికి మా ఇంటికే రావలసింది. మా గది కంటే వాళ్ళ గది వెచ్చన అని అమ్మే అక్కడ ఉంచేసింది.

అప్ప అత్తగారు నాంచారమ్మత్త తలుపు తీసి నా చేతిలోని థర్మామీటర్ వైపు చూసింది.

"ఏటే గుంటా, మా కోడలికి సారె తెస్తావనుకుంటే గాజుపుల్ల తెచ్చావా?"

"సారె అమ్మ తెస్తుందత్తా. ఇది సభ పని."

"సభ పనా. అయితే కాళ్ళు దులుపుకుని రా. సభ మంచు కూడా మంచేగా."

అప్ప నిద్రపోతోంది. తల చుట్టూ బాలింత గుడ్డ, చెవుల్లో దూది, మెడ దాకా బొంత. పక్కన పిల్ల, గుప్పెడంత మొహం. గది 22 ఉంది. ఊళ్ళో ఏ ఇంట్లోనూ నేను 19 దాటి చూడలేదు. చొక్కా గుండీ విప్పుకోవాలనిపించింది.

నేను కొలుస్తుంటే అప్ప కళ్ళు తెరిచింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. ఎలగున్నావప్పా?"

"తల పగిలిపోతోంది. పడుకుంటే నిద్రొస్తోంది, లేస్తే మళ్ళీ నిద్రొస్తోంది."

"బాలింతరాలికి నిద్దర కాక నాట్యమొస్తాదేటి?" అంది నాంచారమ్మత్త. "పిల్లని సూడు, ఎంత బుద్ధిమంతురాలో. పుట్టి నాలుగోనాడు, గట్టిగా ఏడ్చి ఎరగదు. మీ అప్ప ఇలగ ఉండేదేటి, ఉడుకువలసంతా లేపీసేదట."

నా పట్టికలో 'చెవులు' అని ఒక గడి ఉంది. జాలీ విరిగినా, గాలి రాకపోయినా అందులో రాయాలి. పలక మీద బాలింత గుడ్డలు ఆరేసి ఉన్నాయి. జరిపి చూడాలంటే అప్ప మంచం లాగాలి. అందుకని అడిగాను.

"చెవులు బాగున్నాయా అత్తా?"

"బాగున్నాయే. నా సేత్తో నేనే సూసుకున్నాను. ఈ వరసంతా బాగున్నాయి, కావలిస్తే ఇంటింటికీ అడుగు."

ఇంటింటికీ అడిగాను. ముప్పై ఇళ్ళలోనూ అదే మాట.

నాలుగో వరస: తిరిగొచ్చే నీళ్ళు 47. గదుల్లో 22. చెవులు: బాగున్నాయి.

చలి 43వ రోజు

మొన్న సాయంత్రం మాస్టారు నా అంకెలు చూసి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"మిగతా వరసల్లో నీళ్ళు పదిహేడు డిగ్రీలు వదిలి వస్తున్నాయి, గది పద్దెనిమిది. ఇక్కడ ఎనిమిదే వదిలి వస్తున్నాయి, గది ఇరవై రెండు. సగం వేడి తిని ఎక్కువ వెచ్చగా ఉంది. నీ థర్మామీటర్ పగిలిందా?"

"లేదండి. దాంతోనే అన్ని వరసలూ కొలిచాను."

"మళ్ళీ కొలువు."

మళ్ళీ వెళ్ళాను. నిన్నా వెళ్ళాను, ఇవాళా వెళ్ళాను. 47, 22. 47, 22. దారిలో నా బూట్లు ఆ అంకెలనే అంటున్నట్టు అనిపించింది. ఒక్క కారణమూ దొరకలేదు. గోడలు అదే రాయి, పలకలు అదే ఇనుము, గాలి అదే గాలి.

మాస్టారు గోడ వైపు తిరిగారు. చివరికి, "చెవులు చూశావా?" అన్నారు.

పట్టిక చూపించాను. బాగున్నాయి అని ముప్పై సార్లు, నా దస్తూరీలో.

"సరే" అన్నారు. "కారణం తెలియకపోయినా కొలత కొలతే. సభలో చదువు."

ఆశ్చర్యం అనే మాట చిన్నప్పటి నుంచి తెలుసు. అది ఒంట్లో ఎక్కడుంటుందో ఇవాళ తెలిసింది. మెడ వెనక.

చలి 46వ రోజు

సభలో చదివాను. మొదటి వాక్యం నాలుగు రోజులు తిరగరాశాను: "నాలుగో వరస పలకలు తక్కువ తిని ఎక్కువ పెడుతున్నాయి." ఆ వాక్యానికి చప్పట్లు వచ్చాయి. పేర్ల కాగితం దగ్గర నిలబడిన జంటలే ముందు కొట్టారు. పేర్లలో మొదటిది మా బళ్ళో నాకంటే మూడేళ్ళు పెద్దదైన పైడితల్లిది. చప్పట్లు కొడుతూ ఏడుస్తోంది.

సభాపెద్ద యతిరాజు గారు అడిగారు. "అయితే అమ్మాయి, నాలుగో వరసలో ఎనిమిది డిగ్రీలు చాలినప్పుడు తక్కిన వరసల్లో ఎందుకు చాలదు?"

"అదే తెలియదండి."

"తెలియకపోయినా చాలుతుందని తెలిసింది కదా. నీళ్ళు నలభై అయిదుకి తగ్గిద్దాం. అందరూ నాలుగో వరసలా సర్దుకోవడం నేర్చుకుంటారు. పది డిగ్రీలు మిగిలితే ఎనిమిదో వరసకి పునాది వేయొచ్చు."

మాస్టారు లేచి, "కారణం తెలిసేదాకా ఆగితే మంచిదండి" అన్నారు. అప్పటికే అందరూ మాట్లాడుకుంటున్నారు. ఆయన గొంతు చిన్నది.

నేను ఆయన వైపు కాకుండా చప్పట్ల వైపు చూశాను. ఇది రాయాలనిపించలేదు. అయినా రాశాను.

చలి 50వ రోజు

ఈ ఉదయం నుంచి నీళ్ళు 45. మధ్యాహ్నానికి మా గది 13. అమ్మ రెండు శాలువలు కప్పుకుని వంట చేసింది.

"నీ చదువు చల్లగుండ. ఇంతకీ ఏటి రాశావే ఆ కాగితంలో? నాలుగో వరసోళ్ళ పలకలు బంగారం, మనవి తుక్కు అని రాశావా?"

"అలా రాయలేదమ్మా. వాళ్ళవి బాగా పనిచేస్తున్నాయని రాశాను."

"అదే మరి."

బళ్ళో అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క నాలుగో వరస పిల్లలే బల్ల మీద తల వాల్చి నిద్రపోయారు. వాళ్ళకి చలి లేదు కాబట్టి హాయిగా నిద్ర పడుతోందని ఎవరో అన్నారు. ఆ మాట నాకూ నిజమే అనిపించింది.

సాయంత్రం అప్పని చూసి వచ్చాను. నాలుగో వరసలో కూడా నీళ్ళు తగ్గాయి కదా, గది 18కి దిగింది. బాలింత గదికి అది చాలదని నాంచారమ్మత్త అటక మీది నుంచి కుంపటి దింపుతోంది. స్నానం తరవాత సాంబ్రాణి వేయడానికి పావుగంట వెలిగించేది.

"రేపటి నుంచి పొద్దస్తమానం ఉంటాది. నాచు పిడకలు బోల్డున్నాయి" అంది. "మీ సభోళ్ళు నీళ్ళు తగ్గిస్తే తగ్గించుకోమను. నా మనవరాలికి నాను సల్లగాలి సోకనిస్తానేటి?"

నాలుగో వరస: తిరిగొచ్చే నీళ్ళు 40. గదిలో 18.

చలి 52వ రోజు

మంచి వార్త. నిన్న మా వరస నుంచీ ఆరో వరస నుంచీ ఆడవాళ్ళు కట్టగట్టుకుని నాలుగో వరసకు వెళ్ళారు, మీరేం చేస్తారో చెప్పమని. నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఏం చెప్పారని అడిగితే పక్కింటి చిట్టెమ్మ పిన్ని, "ఏటుంది, చెవులు బాగుచేసుకోమన్నారు. చేసుకున్నాం" అంది.

"మన చెవులు పాడయ్యాయా పిన్నీ? నేను రోజూ మంచు దులుపుతున్నానే."

"బయట దులిపితే చాలదులే. నీ వయసుకు తెలీదు."

ఇవాళ ఆరో వరస కొలిస్తే గదుల్లో 17. నీళ్ళు 45 అయినా. మాస్టారికి పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆయన సంతోషించలేదు. "ఏం బాగుచేశారో చూశావా?" అన్నారు. రేపు చూస్తానన్నాను.

చలి 53వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న చీపురు తీసుకుని మా గోడ చెవి దగ్గరికి వెళ్ళాను. రాత్రి పడ్డ పొడిమంచు జాలీ మీద అలాగే ఉంది. ఒక్క రేణువు కదలడం లేదు. లోపలికి పాకే చార లేదు. నేను ఊదితే లేచింది, మళ్ళీ అక్కడే వాలింది.

లోపలికి వచ్చి పలక మీది రేకు ఎత్తాను. పలక వెనక చీలిక పొడవునా దూది. పాత బొంతలోని దూది, వేలితో కుక్కి కుక్కి, మీద గుడ్డ పేలిక అడ్డం పెట్టి ఉంది.

"అమ్మా, ఇదేంటి?"

"ముట్టుకోకు. నిన్ననే పెట్టాను. చూడు, గది పదిహేడయింది."

"ఎవరు పెట్టమన్నారు?"

"నాలుగో వరసోళ్ళే చెప్పారు. బాలింత ఉన్న వరసలో గోడ చెవుల్లోనూ దూది పెడతారు కదే. ఒక ఇంట్లో పురుడైతే వరసంతా పెట్టాలి, ఒక పక్క నుంచి వచ్చినా గాలి గాలే కదా. ఇరవై ఒకటో రోజున తీసేస్తారు. ఈ ఏడు వాళ్ళకి మూడు పురుళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఇంక తీసే సందేదీ? రెండు నెలలుగా అలాగే ఉంది. బాలింతలు లేకపోయినా పెట్టుకోవచ్చని మాకు ఇన్నాళ్ళూ తట్టలేదు."

చెవులు బాగున్నాయా అంటే బాగున్నాయన్నారు. నా సేత్తో నేనే సూసుకున్నాను. ముప్పై ఇళ్ళ వాళ్ళూ నిజమే చెప్పారు. నేను తెరిచి ఉన్నాయా అని అడిగాను, వాళ్ళు మూసి ఉన్నాయని చెప్పారు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే మాట. ఆ మాటనే పట్టికలో ముప్పై సార్లు అందంగా రాసుకున్నాను.

దూది లాగి పారేశాను. అమ్మ తిడుతూనే ఉంది. మాస్టారి ఇంటికి పరిగెత్తాను.

ఆయన నా మొహం చూసి కుర్చీ చూపించారు. నేను నిలబడే చెప్పాను. చెబుతుంటే ఆయన రంగు మారింది.

"బయటి చలిగాలి తగిలితేనే పలక వేడి వదులుతుంది" అన్నారు. "మూసేస్తే దానికి పనే లేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి కాస్తుంది. నీళ్ళు వేడివేడిగా తిరిగొస్తాయి. గది వెచ్చగానే ఉంటుంది. లోపలున్న వాళ్ళు మాత్రం ఒకళ్ళు వదిలిన ఊపిరి ఒకళ్ళు పీలుస్తుంటారు. తలనొప్పి, నిద్ర, మగత. నాకు ముందే తట్టాల్సింది."

నిద్ర అనగానే బల్లల మీద వాల్చిన తలలు గుర్తొచ్చాయి. అప్ప గుర్తొచ్చింది.

"మాస్టారూ, నాలుగో వరసలో నాంచారమ్మత్త కుంపటి పెట్టింది. పొద్దస్తమానం."

ఆయన లేవబోయి మోకాలు పట్టుకుని మళ్ళీ కూలబడ్డారు. "చెవులు మూసిన గదిలో కుంపటి వాసన లేని విషం కక్కుతుంది. పరిగెత్తు. తలుపు తెరువు, కుంపటి బయట పడెయ్యి, తరవాత మాట్లాడు."

మాస్టారి గుమ్మం నుంచి నాలుగో వరసకు నాలుగు వందల అడుగులు. నేను కొలిచినవే. అప్పుడు ఎన్ని వేశానో తెలియదు.

తలుపు కొట్టలేదు. తోసుకుని వెళ్ళాను. గది 23. కుంపటిలో నాచు పిడకలు పొగ లేకుండా ఎర్రగా ఉన్నాయి. నాంచారమ్మత్త గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి నిద్రపోతోంది. అప్ప బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలా. "అప్పా" అన్నాను. కదల్లేదు.

కుంపటి పట్టుకుని బయటి మంచులోకి విసిరాను. అరచెయ్యి కాలిందని సాయంత్రం దాకా తెలియలేదు. తలుపు బార్లా తెరిచాను. మంచం ఇవతలకు లాగి, గుడ్డలతో సహా పలక రేకు ఎత్తేసి, చీలికలోని దూది రెండు చేతులతో లాగాను. దూది లోపలివైపు పసుపుపచ్చగా, బయటివైపు మంచుగడ్డ కట్టి ఉంది. అది ఊడి రాగానే చలిగాలి ఈల వేస్తూ వచ్చింది.

పిల్లను ఎత్తుకున్నాను. మెడ ఒక పక్కకు వాలిపోయింది. గుమ్మంలోకి తీసుకొచ్చి అరికాళ్ళు రుద్దాను. రుద్దుతూ ఏదో అంటున్నాను. నాకు తెలిసిన మాటలన్నీ అన్నాననుకుంటాను, ఒక్కటీ గుర్తులేదు. ఎంతసేపో తెలియదు. ముందు ఎక్కిళ్ళలాంటిది వచ్చింది. తరవాత మొహమంతా ముడుచుకుని ఏడ్చింది.

ఆ ఏడుపుకి నాంచారమ్మత్త కళ్ళు తెరిచింది. తూలుతూ లేచి ముందు తలుపు చూసింది, తరవాత గోడ చూసింది.

"ఒలే, నీకు మతి పోయిందేటే? పచ్చి బాలింతరాలికి చలిగాలి సోకిస్తావా?"

పేలికా దూదీ ఏరుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. నేను పిల్లను ఎత్తుకునే అడ్డం నిలబడ్డాను.

"వద్దత్తా. విషం. కుంపటి విషం ఇందులోంచి గాలి రాకపోతే ఇక్కడే ఉండిపోతుంది. మాస్టారు చెప్పారు. నీళ్ళు నలభై ఏడుతో తిరిగొచ్చాయంటే..."

"మీ మాస్టారు ఎన్ని పురుళ్ళు పోశాడే? దాని చెవుల్లో దూది పెట్టాను, గోడ చెవుల్లో దూది పెట్టాను. మా అత్త నాకిలగే పెట్టింది. జరుగు."

ఆమె చెయ్యి నన్ను దాటి చీలిక మీదికి వెళ్ళింది. అంకెలు ఆమెను ఆపవని అప్పుడు తెలిసింది. ఆ మాట నాకు ఆలోచించకుండా వచ్చింది.

"అది చెవి కాదత్తా. ముక్కు. ఇల్లు దాంతోనే ఊపిరి తీస్తుంది. ముక్కులో దూది ఎవరికి పెడతారు?"

ఆమె చెయ్యి ఆగింది.

ముక్కులో దూది ఎవరికి పెడతారో ఉడుకువలసలో తెలియని వాళ్ళు లేరు. పాడె మీదికి ఎత్తే ముందు పెడతారు. నాంచారమ్మత్త తన చేతిలోని దూది వైపు చూసింది. మంచం మీది అప్ప వైపు చూసింది. దూదిని పామును విసిరినట్టు గుమ్మం బయటికి విసిరి, చెయ్యి చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

తరవాత మంచం దగ్గరికి వచ్చింది. నాతో కలిసి అప్పను లేపి కూర్చోబెట్టింది. అప్ప వాంతి చేసుకుంది, నీళ్ళు తాగింది, పిల్ల ఎక్కడని అడిగింది. అప్పుడు నాంచారమ్మత్త బయటికి వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది. నాకు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది, తలుపు తరవాత తలుపు. "తీసీయండే. అది చెవి కాదట, ముక్కట. మన కొంపల ముక్కుల్లో దూది పెట్టుకుని కూచున్నామే."

నేను రాసిన కాగితం ఊళ్ళో వాళ్ళకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈ మాట చీకటి పడకముందే ఏడు వరసలూ తిరిగింది. మా అమ్మకు కూడా నేను ఇంటికి చేరేలోపే తెలిసిపోయింది.

చలి 54వ రోజు

అన్ని ముక్కులూ తెరిచారు. నీళ్ళు ఇంకా 45 మీదే ఉన్నాయి. నాలుగో వరసలో గదులు 12. పొద్దున్నే సభ కూర్చుంది.

నా కాగితం తప్పని చదివాను. కిందటిసారి నాలుగు రోజులు తిరగరాసిన వాక్యం బదులు ఇలా రాశాను: "నాలుగో వరసలో పలకలు పనిచేయలేదు. పనిచేయకపోవడాన్ని నేను పొదుపు అని రాశాను." ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

యతిరాజు గారు గడ్డం నిమురుకున్నారు. "అంటే నీ కొలతలు తప్పా?"

"కొలతలు సరైనవేనండి. చెవుల గడి తప్పు. నేను అడిగి రాశాను, చూసి రాయలేదు."

"మరి యాభై అయిదుకి పెంచితే ఎనిమిదో వరస లేదు. అది తెలుసా?"

"తెలుసండి."

నేను పేర్ల కాగితం వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. పైడితల్లి నా వైపే చూస్తోంది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"ముక్కులు తెరిచి, ఇదే నలభై అయిదుతో కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు యతిరాజు గారు. "కుంపట్లు వద్దు. రెండు బొంతలు కప్పుకుంటే..."

తలుపు తెరుచుకుంది. అప్ప లోపలికి వచ్చింది. బాలింత ఇరవై ఒకటో రోజు దాకా గడప దాటదు, అలా దాటడం నేను ఎప్పుడూ చూడలేదు. సభలో ఎవరూ చూసి ఉండరు. తలకు గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు. పిల్లను రొమ్ముకు కట్టుకుని ఉంది. వెనక నాంచారమ్మత్త. ఆడవాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్ప నడిచి వచ్చి బల్ల ముందు ఆగింది. ఆయాసపడుతోంది.

"నాలుగో వరస బాగుందని అందరూ అన్నారు బాబూ. నేను అందులో పడుకున్నాను" అంది. "వెచ్చగా ఉంది. చాలా వెచ్చగా ఉంది. చచ్చిపోతున్నానని నాకు తెలియలేదు. మూసుకుంటే తెలియదు. మీరు నలభై అయిదు ఇస్తే, పిల్లలకి చలేసినప్పుడు ఎవరో ఒకరు మళ్ళీ మూస్తారు. మీరు చెప్పినా మూస్తారు. నేనే మూస్తానేమో."

యతిరాజు గారు ఆమె కట్టుకున్న పిల్లను చూశారు. తరవాత బావి మనిషిని పిలిచి, నీళ్ళు యాభై అయిదుకి తిప్పమన్నారు. ఎనిమిదో వరస పేర్ల కాగితాన్ని ఆయన చింపలేదు. పైడితల్లే లేచి వెళ్ళి దాన్ని గోడ మీది నుంచి ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది.

బయటికి వచ్చాక అప్పను అమ్మ పొదివిపట్టుకుని తీసుకెళ్ళింది. నేను వెనక నడుస్తుంటే నాంచారమ్మత్త నా పక్కకు వచ్చింది.

"గుంటా."

"చెప్పత్తా."

"నాకు మీ బావ కంటే ముందు ఒకడు పుట్టాడు. నీకు తెలీదు, మీ అప్పకీ తెలీదు. మూడో నెల్లో పోయాడు. నిద్దట్లో. పొద్దున్న పాలకి లేపితే లేవనేదు."

నేను నడక నెమ్మది చేశాను.

"చలికాలమే. ఆ ఏడు కూడా వరసలో పురుళ్ళు ఎక్కువ. గది వెచ్చగా ఉండీది. కుంపటి కూడా ఉండీది." ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. నా సేత్తో నేను పెట్టిన దూదేనా?"

గత పదహారు రోజుల్లో నేను ఎన్నో మాటలు నేర్చుకుని ఈ పుస్తకంలో గడి బయట రాసుకున్నాను. వాటిలో ఒక్కటీ రాలేదు. ఆమె ఎదురుచూస్తోంది. ఊపిరి తెల్లగా బయటికి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆ ఏటి కొలతలు లేవత్తా" అన్నాను. "కొలతలు లేకుండా చెప్పలేం."

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుని నా కంటే ముందు నడిచి వెళ్ళిపోయింది.

కొలతలు ఉన్నాయి. మాస్టారి బీరువాలో ఏడాదికొక పుస్తకం, వరసలవారీగా, మొదటి చలికాలం నుంచి ఉన్నాయి. లెక్కల కోసం ఆ బీరువా తాళంచెవి ఆయన నా దగ్గరే ఉంచారు. ఆ పిల్లవాడు పుట్టిన ఏడు ఏదో అత్తనే అడిగితే తెలుస్తుంది. నేను అడగలేదు.

మధ్యాహ్నం బీరువా తాళంచెవి మాస్టారికి తిరిగి ఇచ్చేశాను.